గెర్ట్రూడ్ రాణి హత్య: తప్పు ఆమెదా, ఆండ్రూ రాజుదా?

పాతకోట: 1213 సెప్టెంబర్ 28న హంగరీ రాణి గెర్ట్రూడ్‌ను పిలిష్ కొండల్లో సొంత దొరలే చంపేశారు. భర్త రెండో ఆండ్రూ రాజు అప్పటికి పొరుగు రాజ్యం హాలిచ్ మీద యుద్ధానికి వెళ్లాడు. జర్మన్ పుట్టింటివాళ్లకు రాజ్యం దోచిపెట్టింది, అందుకే చచ్చింది అని ఇప్పటికీ అంటుంటారు. నాకైతే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే ఉంది.

చరిత్రపిచ్చి: దుత్తా?! రాణి తమ్ముడు బెర్తోల్డ్ సంగతి చూడండి. వయసూ చాలదు, చదువూ చాలదని పోప్ మూడో ఇన్నోసెంట్ మొదట ఒప్పుకోలేదు. అయినా కలోచా ఆర్చ్‌బిషప్ అయిపోయాడు. ఆపైన క్రొయేషియాకి గవర్నర్, తర్వాత ట్రాన్సిల్వేనియాకీ గవర్నర్. ఎంత బావమరిదైనా ఇన్ని పదవులా?

పాతకోట: ఇచ్చింది ఎవరండీ? రాజు. రాచభూములు జిల్లాలకు జిల్లాలు దొరలకి పంచిపెట్టిందీ ఆయనే. రాణి పోయాక అయినా ఆగిందా? తొమ్మిదేళ్ల తర్వాత, 1222లో, గోల్డెన్ బుల్ అనే శాసనంలో జిల్లాలను శాశ్వతంగా రాసివ్వనని ఆయన చేతే రాయించుకోవాల్సొచ్చింది.

చరిత్రపిచ్చి: అదే శాసనంలో, సభ ఒప్పుకోకుండా పరదేశీయులకు పదవులు ఇవ్వకూడదని కూడా ఉంది. ఆ మంట ఎక్కడిది మరి?

నీలిసిరా: మధ్యలో వస్తున్నందుకు సారీ. అసలు బాంక్ అనే పెద్ద దొర భార్యను రాణి తమ్ముడు చెరిచాడనీ, అందుకే చంపారనీ కదా కథ?

పాతకోట: అది హత్య జరిగిన దశాబ్దాల తర్వాత రాసిన చరిత్రల్లో కనబడుతుంది. 19వ శతాబ్దపు నాటకం, ఆపెరా దాన్ని జనం నోళ్లలో నాటేశాయి. ఆ కథ ఉంటేనే హంతకుడు హీరో అవుతాడు మరి.

నాకు ఇష్టమైన ముక్క ఇంకోటి ఉంది. కుట్రదారులు సలహా అడిగితే ఎస్టర్‌గోమ్ ఆర్చ్‌బిషప్ జాన్ లాటిన్‌లో ఒక చీటీ రాశాడట, కామాలు లేకుండా. ఒకలా ఆపి చదివితే: "రాణిని చంపడానికి భయపడకండి, మంచిదే. అందరూ ఒప్పుకుంటే నేను కాదనను." ఇంకోలా ఆపితే: "రాణిని చంపకండి, భయపడటం మంచిది. అందరూ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను, కాదంటాను." అవే మాటలు! నిజంగా రాశాడో లేదో గానీ, పెద్దమనుషులు ఎలా తప్పుకుంటారో ఇంతకన్నా బాగా చెప్పలేం.

నీలిసిరా: ఆహా, మా ఆఫీసు మెయిల్స్ గుర్తొచ్చాయి 😀 శిక్ష ఎవరికైనా పడిందా?

పాతకోట: పీటర్ అనే దొరకు మరణశిక్ష. బాంక్ ప్రాణాలతో బయటపడ్డాడు. రాజు రెండేళ్లకే యోలాండా అనే ఆమెను పెళ్లాడాడు. మర్చిపోనిది కొడుకు బేలా. తల్లి చనిపోయినప్పుడు ఆరేళ్లవాడు. 1235లో రాజయ్యాక సభలో దొరలు తన ఎదుట కూర్చోకూడదని వాళ్ల కుర్చీలు తగలబెట్టించాడు. బాంక్ ఆస్తులూ లాక్కున్నాడు. 1235లోనే బేలా చెల్లెలు ఎలిజబెత్‌ను చర్చి పునీతగా ప్రకటించింది.

చరిత్రపిచ్చి: కూతురు పునీత అయితే తల్లి పాపం పోతుందా?

పాతకోట: పోదు. కానీ 1203లో ఆండ్రూ, అప్పటి రాజైన తన అన్న మీద తిరగబడి జైల్లో పడితే, ఆమెను పుట్టింటికి తోలేశారు. పదేళ్ల తర్వాత ఆమె కొలువంతా పుట్టింటివాళ్లే అంటే, ఇంకెవర్ని నమ్ముతుంది?

చరిత్రపిచ్చి: ఆ జైలు సంగతి ఒప్పుకుంటా. ఆర్చ్‌బిషప్ పదవి మాత్రం ఒప్పుకోను.

నీలిసిరా: కామా ఎక్కడ పెట్టాలి గురూగారూ?