పాత ఒడిస్సీకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇంట్లోనే ఎక్కించుకోవచ్చా?

డాలస్_నెల్లూరోడు
అందరికీ నమస్కారం. మాది 2003 హోండా ఒడిస్సీ, లక్షా అరవై వేల మైళ్ళు దాటింది. రెండో గేర్ నుంచి మూడుకి మారేటప్పుడు జారుతోంది, ఆర్‌పీఎం లేస్తుంది గానీ బండి ముందుకు పోదు. షాపులో రీబిల్ట్ (విప్పి బాగుచేసిన) గేర్‌బాక్స్ వేసి ఇవ్వడానికి 4,300 డాలర్లు అన్నారు. బండి అమ్మినా అంత రాదు. అదే మోడల్ బాక్స్ జంక్‌యార్డ్‌లో (పాత బండ్ల తుక్కు యార్డులో) 550కి ఉంది. బ్రేకులు, స్ట్రట్లు నేనే చేసుకుంటాను, గరాజ్ ఉంది, గేర్‌బాక్స్ మాత్రం ఎప్పుడూ దించలేదు. చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

స్పానర్_శీను
చేసుకోవచ్చు అన్నా. ఎవరైనా వచ్చి భయపెట్టేలోపే చెప్పేస్తున్నా. ఇంజిన్‌ని పైనుంచి సపోర్ట్ బార్‌కి వేలాడదీసి, యాక్సిల్స్ రెండూ లాగి, సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింద ఉండే ఇనుప చట్రం) దించాలి. దించేముందు అది ఎక్కడ కూర్చుందో పెయింట్‌తో గుర్తు పెట్టుకో. ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) జాక్ అద్దెకి తెచ్చుకో, మామూలు ఫ్లోర్ జాక్ మీద అంత బరువు ఆగదు, పక్కకి ఒరుగుతుంది.
అసలు కిటుకంతా టార్క్ కన్వర్టర్ దగ్గరుంది, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం. తిప్పుతూ లోపలికి నెడుతుంటే మెట్లు దిగినట్టు ఒక్కో అంచె దిగాలి. బాక్స్ ఇంజిన్‌కి ఆనుకున్నాక కన్వర్టర్ చేత్తో తిరగాలి, ఇంజిన్ వైపు ప్లేట్‌కీ దానికీ మధ్య కాస్త సందు ఉండాలి. సందు లేకపోయినా బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి కలిపే గుల్ల) బోల్టులతో లాగి బిగించేశావో, బాక్స్ లోపలి ఆయిల్ పంపు పగులుతుంది, మళ్ళీ మొదటికొస్తావు. గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ గొట్టాలు కడగకుండా తగిలించొద్దు, చచ్చిన బాక్స్ రాల్చిన రజను అంతా అందులోనే ఉంటుంది. ఆయిల్ హోండా డీడబ్ల్యూ-1, పాత జడ్-1 స్థానంలో వచ్చింది అదే. వేడెక్కాక ఇంజిన్ ఆపి లెవెల్ చూసుకో.

ఎన్‌జె_రావు
ఇంజిన్ ఆపి చూడటమేంటండీ? ఆటోమేటిక్‌లో ఆయిల్ ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. మా క్యామ్రీకి ఏళ్ళ తరబడి అలాగే చూస్తున్నాను. ఇంత చిన్న విషయం తెలియనివాళ్ళు గేర్‌బాక్స్ దించమని సలహాలు.

స్పానర్_శీను
అది టొయోటా. హోండాకి ఇంజిన్ ఆపాక 60 నుంచి 90 సెకన్ల మధ్యలో చూడాలి. ఓనర్స్ మాన్యువల్లోనే ఉంటుంది, తెరిచి చూడండి.

బెజవాడ_బ్యాచిలర్
మా ఆటోనగర్లో అయితే పొద్దున ఇస్తే సాయంత్రానికి ఎక్కించేస్తారు 😄

ప్లేనో_బాబాయ్
ఆటోనగర్‌ని డాలస్‌కి తోలుకురాలేం కదా నాయనా.
నెల్లూరు తమ్ముడికి ఒక మాట. నువ్వు కొనబోయేది ఏ బాక్సో చూసుకో. 2004లో హోండా దాదాపు 11 లక్షల బండ్లు రీకాల్ చేసింది, రెండో గేర్ వేడెక్కి పళ్ళు చిట్లి ట్రాన్స్‌మిషన్ లాక్ అయిపోయే ప్రమాదం ఉందని. నీ 2003 ఒడిస్సీ ఆ లిస్టులోదే. జంక్‌యార్డ్ బాక్స్ కూడా ఆ కాలపుదే, అదే జబ్బుతో వస్తుంది. పైగా జాక్ స్టాండ్ల మీద వ్యాన్. 2020లో పనిముట్లు అమ్మే హార్బర్ ఫ్రైట్ వాళ్ళు తమ జాక్ స్టాండ్లే రీకాల్ చేశారు, పళ్ళు సరిగ్గా పట్టక బండి కిందికి దిగిపోవచ్చని. రెండు వీకెండ్లు దాని కింద పడుకునే బదులు ఆ టైమ్‌కి విలువ కట్టుకో, షాపే చవక.

స్పానర్_శీను
టైమ్‌కి విలువ ఎవరు కడతారు బాబాయ్? జీతం మీద బతికేవాడికి శనివారం పనిచేస్తే ఎవడూ ఎక్స్‌ట్రా ఇవ్వడు. హెచ్1బి మీద ఉన్నవాడు పక్కన ఇంకో పని చేసుకోవడానికీ లేదు. ఇక షాపుల సంగతి నా దగ్గర చెప్పొద్దు. పేరు అనవసరం, నా అకార్డ్ రీబిల్ట్ చేశామని డబ్బు తీసుకుని, పైన పెయింట్ కొట్టి పాత బాక్సే ఇచ్చారు. విప్పి చూస్తే లోపలంతా మసి మసి. వారంటీ అడిగితే మీరే విప్పేశారు కాబట్టి చెల్లదన్నారు. ఆ రోజు నుంచి నా బండి ఇంకొకడి చేతికి ఇవ్వలేదు.

ఎన్‌జె_రావు
విషయం పక్కదారి పడుతోంది. ఇంజిన్ ఆపితే కన్వర్టర్‌లోని ఆయిల్ కిందికి దిగి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. ఇది ఏ కంపెనీకైనా ఒకటే.

స్పానర్_శీను
అందుకే రావుగారూ, 60 నుంచి 90 సెకన్లు అని టైమ్ ఇచ్చి, ఆ లెక్కకే డిప్‌స్టిక్ మీద గీతలు పెట్టారు. మీ పద్ధతిలో హోండాకి చూస్తే గీత దాకా రావడానికి ఎక్కువ పోసేస్తారు.

ఫ్రిస్కో_స్వాతి
మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) రూల్స్ చూసుకోండి ముందు. మా దగ్గర డ్రైవ్‌వేలో బండి విప్పితే నోటీసు వస్తుంది.

ప్లేనో_బాబాయ్
శీనూ, నిన్నొకడు మోసం చేశాడని ఊళ్ళో వాళ్ళందరినీ బండ్ల కిందికి తోస్తావా? నీకు చేతనైంది, సంతోషం. ఆయన ఎప్పుడూ దించలేదని ఆయనే రాశాడు. ఏ ధైర్యంతో "చేసుకోవచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు? లైకుల కోసమా?

స్పానర్_శీను
లైకులు నువ్వే పెట్టుకో. నీకు గ్రీన్‌కార్డ్ వచ్చి ఎన్నాళ్ళయిందో చెప్పు ముందు. ఇక్కడ సగంమంది పరిస్థితి వేరు. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు, ఆలోపు ఇంకొకడు వీసా ఫైల్ చెయ్యకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ రెండు నెలలు ఇంటద్దె, ఇన్సూరెన్స్ కట్టడానికి ఆ 4,300 బ్యాంకులో ఉండాలా, షాపువాడి గల్లాలో ఉండాలా? నేను గేర్‌బాక్స్ దించడం నేర్చుకుంది సరదా కోసం కాదు.

ప్లేనో_బాబాయ్
వచ్చి ఎన్నాళ్ళయినా మరిచిపోలేదులే. మా ఆవిడ హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నప్పుడు నా పాస్‌పోర్టులో స్టాంపే ఇంటిల్లిపాదికీ ఆధారం. నాకేమైనా అయితే ఆమె స్టేటస్, పిల్ల స్టేటస్ నాతోనే పోయేవి. అందుకే అంటున్నా. డబ్బు పోతే ఆ 60 రోజుల్లో అప్పు పుడుతుంది. నడుం విరిగినవాడు ఇంటర్వ్యూలకి ఎలా పోతాడు? ఈ ముక్క మొదటే చెప్పాల్సింది, జాక్ స్టాండ్ల రీకాల్ అదీ ఇదీ అని తిప్పి తిప్పి చెప్పాను.

స్పానర్_శీను
నాలుగు వేలు అప్పిచ్చేవాళ్ళు మీకున్నారు బాబాయ్. నాకు లేరు. హైవే మీద పోతే మాత్రం ప్రమాదం లేదా? రెండేసి స్టాండ్లు, పక్కన విప్పిన చక్రాలు పెట్టి, దేనికీ తొందరపడకుండా చేస్తే భయం అక్కర్లేదు. మీరు జాగ్రత్త అంటున్నది నాకు డబ్బున్నవాళ్ళ జాగ్రత్తలా వినిపిస్తోంది.

ప్లేనో_బాబాయ్
వినిపించనీ. నా మాట అదే.

బెజవాడ_బ్యాచిలర్
నేను వచ్చే నెల హెచ్1బి మీద వస్తున్నా, పాత బండి కొనొద్దా అయితే?

స్పానర్_శీను
కొను. కానీ 2000–2004 మధ్య హోండా వీ6 ఆటోమేటిక్ మాత్రం వద్దు, ఆ విషయంలో బాబాయ్ చెప్పింది కరెక్టే.

డాలస్_నెల్లూరోడు
అందరి మాటలూ చదివాను. మాది కూడా హెచ్1బినే, పోస్టులో రాయలేదు. జంక్‌యార్డ్ వాళ్ళని అడిగితే ఆ బాక్స్‌కి రీకాల్ పని జరిగిందో లేదో తెలీదన్నారు, కాబట్టి అది వదిలేశా. రీబిల్ట్ బాక్స్ ఒక్కటే విడిగా కొంటే షాపు రేటులో సగం దాకా పడుతోంది. లిఫ్ట్ గంటల లెక్కన అద్దెకిచ్చే గరాజ్ ఒకటి దగ్గర్లో ఉందట, బండి టో చేయించుకుపోవాలి. శీనూ, ఒక శనివారం వచ్చి కన్వర్టర్ కూర్చోబెట్టే దగ్గర మాత్రం పక్కన నిలబడతావా? టో ఖర్చు, భోజనం నాది.

స్పానర్_శీను
వస్తా. కూలర్ గొట్టాలు కడిగే డబ్బా రెండు కొను, ఒకటి చాలదు.

ఎన్‌జె_రావు
ఆయిల్ చూసేటప్పుడు వీడియో తీసి పెట్టండి, రెండు పద్ధతుల్లోనూ.