పద్నాలుగేళ్ల బాబుకు క్రోన్స్ అనే పేగు జబ్బు అన్నారు, ఏ మందుతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: హన్మకొండ నుంచి, తల్లి

అందరికీ నమస్కారం. మా బాబు తొమ్మిదో తరగతి. ఏడాదిన్నరగా పొత్తికడుపులో కుడివైపు నొప్పి, తిన్న వెంటనే బాత్రూంకు పరుగు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడడం. నోట్లో పుండ్లు ఒకటి మానితే ఇంకోటి లేస్తుంది. మొదట గ్యాస్ అన్నారు, తర్వాత నులిపురుగులన్నారు. కొలనోస్కోపీలో చిన్నపేగు చివర పుండ్లు కనబడితే పేగు టీబీ అయ్యుండొచ్చని టీబీ మందులు పెట్టారు. మూడు నెలలు వాడాక మళ్లీ చూస్తే పుండ్లు ఎట్లున్నవి అట్లనే ఉన్నాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో బయాప్సీ, సీటీ ఎంటరోగ్రఫీ అనే చిన్నపేగు స్కాన్ చూసి క్రోన్స్ అని ఖాయం చేశారు.

బరువు 34 కిలోలు. నిరుడు కుట్టించిన స్కూల్ ప్యాంటు ఈ ఏడాది కూడా పొడవు సరిపోయింది. వాడికంటే రెండేళ్లు చిన్నవాడైన మా రెండోవాడు వాడి ఎత్తుకొచ్చాడు.

నా బాధ మందు గురించి. ఒక డాక్టర్ స్టెరాయిడ్ ఇచ్చి, దాంతోపాటు ఒంట్లో రోగనిరోధకశక్తిని తగ్గించే అజథయోప్రిన్ గోలీలు మొదలుపెడదామన్నారు. ఇంకొకరు ఎనిమిది వారాలు పౌడర్ పాలు తప్ప ఏమీ పెట్టొద్దన్నారు. మూడో చోట మేడం ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్ నేరుగా మొదలుపెడితే మంచిదన్నారు. మా ఆయనకు స్టెరాయిడ్ పేరెత్తితేనే భయం. మా అత్తమ్మ ఇంజెక్షన్‌తో క్యాన్సర్ వస్తుందని ఎక్కడో విని వద్దంటోంది. అందరూ పెద్ద డాక్టర్లే, ఎవరి మాట వినాలో తెలియడం లేదు. పిల్లలకు వాడినవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్.

జవాబు: కరీంనగర్ నుంచి, తల్లి

అక్కా, మా పాపకు పదమూడో ఏట వచ్చింది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మాకు పౌడర్ పాలతోనే మొదలుపెట్టారు. దాని గురించి వివరంగా చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా.

ఆరు నుంచి ఎనిమిది వారాలు అన్నం లేదు, రొట్టె లేదు, పండు లేదు. ఒంటికి కావాల్సిన బలమంతా ఆ పౌడర్ నుంచే. హార్లిక్స్ లాంటిది కాదు, పూర్తి భోజనానికి బదులుగా తయారుచేసిన ఫార్ములా. రోజుకు ఎన్ని గ్లాసులో బరువును బట్టి డైటీషియన్ లెక్కగట్టి ఇస్తారు, ఆ లెక్క తగ్గనీయొద్దు. మొదటి వారమే కష్టం. ఫ్రిజ్‌లో చల్లగా చేసి, మూత ఉన్న గ్లాసులో పోసి స్ట్రాతో ఇస్తే వాసన ముక్కుకు తగలదు. అస్సలు తాగలేని పిల్లలకు ముక్కులోంచి సన్న గొట్టం వేస్తారు. మాకు సరిగ్గా ఆ వారాల్లోనే సంక్రాంతి వచ్చింది. సకినాలు మా ఆడబిడ్డ ఇంట్లో కాల్చుకున్నాం, మా ఇంట్లో నూనె మూకుడు పెట్టలేదు. పిల్ల ముందు ఎవరూ తినకపోవడమే దానికి సగం బలం.

నెల తిరిగేసరికి జ్వరం పోయింది, బరువు పెరిగింది. స్టెరాయిడ్‌కు ఉండే మొహం ఉబ్బడం, మొటిమలు, ఎముకలు పలచబడడం దీనికి లేవు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, మంట తగ్గించడం వరకే దాని పని. తర్వాత తగ్గినదాన్ని నిలబెట్టే మందు వేరే ఉండాల్సిందే. మా పాపకు అజథయోప్రిన్ నడుస్తోంది. అది మొదలుపెట్టే ముందు ఎన్‌యూడీటీ15 అనే జన్యుపరీక్ష చేయించమని అడగండి. మనవాళ్లలో కొందరికి ఆ మందు పడదు, తెల్లరక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా జుట్టు వస్తే ఆ రోజే మందు ఆపి డాక్టర్‌కు ఫోన్ చేసి, రక్తపరీక్షకు పోవాలని మాకు చెప్పారు.

జవాబు: మంచిర్యాల నుంచి, తండ్రి

చెల్లె, మా పోరనికి గిదే బీమారి. గా ఇంజెక్షన్ మస్తు పవరుంటదట, రేపు క్యాన్సర్ అస్తదని మా దిక్కు గూడ అంటున్నరు. ముందుగాల తక్కువ పవర్ గోలీలతోని షురూ చేసి, తగ్గకుంటే అప్పుడు పెద్ద మందుకు పోతె కాదా? మావోనికి మెసలమైన్ గోలీలు నడుస్తున్నయి, మధ్యల మధ్యల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తున్నరు. ఇచ్చినన్ని రోజులు మంచిగుంటడు, ఆపంగనే మళ్ల మొదటికే అస్తంది.

జవాబు: గ్యాస్ట్రో డాక్టర్, కాకతీయ మెడికల్ కాలేజీలో చదివిన వ్యక్తి

పిల్లల్ని చూడకుండా మందు రాయలేను. మేం ఎలా ఎంచుతామో మాత్రం చెప్తాను, దాన్ని పట్టుకుని మీ డాక్టర్‌ను అడగండి.

మంచిర్యాల అన్నకు ముందు చెప్పాలి. చిన్న మందుతో మొదలుపెట్టి మెల్లగా పెద్ద మందుకు పోదామనే లెక్క పెద్దవాళ్లలోనే నష్టం చేస్తుంది, ఎదిగే పిల్లల్లో ఇంకా ఎక్కువ. మెసలమైన్ అల్సరేటివ్ కొలైటిస్ అనే పెద్దపేగు పుండ్ల జబ్బులో బాగా పనిచేస్తుంది, క్రోన్స్‌లో దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. స్టెరాయిడ్ మంటను తొందరగా ఆర్పుతుంది, పుండును మాత్రం నమ్మకంగా మాన్పదు. ఆపగానే తిరగబెడుతోందంటే మందు మార్చాల్సిన సమయం వచ్చిందని అర్థం. అలా అని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి పడుకుని ఉంటుంది. ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ చెప్పిన లెక్కలో వారం వారం తగ్గించాలి.

పిల్లాడి ఎత్తు ఆగిపోయిందంటే పేగులో మంట ఆరలేదన్నమాటే. యుక్తవయసులో ఎముకల చివర్లు మూసుకుపోయేలోపే ఆ ఎత్తును తిరిగి రాబట్టుకోవాలి, తర్వాత ఏ మందూ తేలేదు. అందుకే నొప్పి తగ్గిందా అని ఒక్కటే చూడొద్దు. పేగులో మంట ఎంతుందో చెప్పే పరీక్షలు, అంటే రక్తంలో సీఆర్‌పీ, ఆల్బుమిన్, మలంలో కాల్‌ప్రొటెక్టిన్, మూడు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి కొలిచిన ఎత్తు, ఇవి చూడాలి.

హన్మకొండ అమ్మగారూ, మీకు చెప్పిన మూడు దారుల్లో ఏదీ తప్పు కాదు, ఒక్కోటి ఒక్కో రకం జబ్బుకు. యూరప్ పిల్లల గ్యాస్ట్రో నిపుణులు 2021లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం, పేగులో మంట వరకే ఉన్న జబ్బులో మొదటి ఎంపిక పౌడర్ పాలు. అది కుదరనప్పుడే స్టెరాయిడ్, రోజుకు కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున, సాధారణంగా 40 మిల్లీగ్రాములు దాటకుండా. పుండ్లు లోతుగా ఉన్నా, పేగు చాలామేర పాడైనా, ఎదుగుదల బాగా దెబ్బతిన్నా ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లతోనే మొదలుపెట్టొచ్చు. మేడం చెప్పింది అందుకే అయ్యుంటుంది.

క్యాన్సర్ సంగతి. అందరూ భయపడే ఆ అరుదైన లింఫోమా అనే క్యాన్సర్ ఎక్కువగా కనబడింది అజథయోప్రిన్ వాడిన కుర్రాళ్లలో, అది ఒక్కటే వాడినా, ఈ ఇంజెక్షన్‌తో కలిపి వాడినా. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే వాడిన పిల్లల్ని ఏళ్లపాటు గమనించిన పెద్ద పరిశీలనలో క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. మన దగ్గర అసలు భయం టీబీ గురించి ఉండాలి. ఈ మందు పడుకున్న టీబీని లేపుతుంది. ఛాతీ ఎక్స్‌రే, టీబీ కోసం చేసే మాంటూ లేదా ఇగ్రా పరీక్ష, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, ఇవి చూడకుండా మొదటి డోసు వేయించుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు నాకొక సందేహం. మలద్వారం చుట్టూ వాడికి గడ్డగానీ, చీముగానీ, నొప్పిగానీ ఉందా? ఈ వయసు మగపిల్లలు అమ్మకు చెప్పరు, చాలాసార్లు డాక్టర్‌కూ చెప్పరు. ఎవరైనా మగవాళ్లతో నెమ్మదిగా అడిగించండి. అదుంటే నేను పైన చెప్పిందంతా మారుతుంది.

హన్మకొండ నుంచి, తల్లి

సార్, మా తమ్ముడితో అడిగించాను. మొదట ఏం లేదన్నాడట. బండి మీద భద్రకాళి చెరువు కట్ట దాకా తీసుకుపోయి, అక్కడ కూర్చోబెట్టి మళ్లీ అడిగితే అప్పుడు చెప్పాడట. రెండు నెలలుగా అక్కడ గడ్డ లేచి చీము కారుతోందట. టిష్యూ పేపర్ మడిచి పెట్టుకుని స్కూలుకు పోతున్నాడు. లోబట్టలు ఎవరినీ ముట్టనీయకుండా తనే ఉతుక్కుంటున్నది దీనికేనట. బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంటున్నాడని టీచర్ కూడా అన్నది. మా బజారులో పైల్స్, ఫిస్టులా అని బోర్డు పెట్టినాయన ఉన్నాడు, ఒక్కరోజులో కోసి పంపిస్తాడట. చూపించమంటారా?

గ్యాస్ట్రో డాక్టర్

వద్దమ్మా, అక్కడికి మాత్రం తీసుకుపోవద్దు. క్రోన్స్‌లో వచ్చే ఫిస్టులాను, అంటే పేగు నుంచి చర్మం దాకా పడే చీము దారిని, మామూలుదానిలా కోస్తే గాయం మానదు, మలాన్ని పట్టి ఉంచే కండరం తెగితే పిల్లాడికి జీవితాంతం ఇబ్బంది. లోపల జబ్బు అదుపులోకి రాకుండా క్షారసూత్రం అనే ఆయుర్వేద మందు దారం కూడా వద్దు.

ముందు పెల్విస్ ఎంఆర్‌ఐ తీయించాలి. చీము గూడు కట్టి ఉంటే క్రోన్స్ ఫిస్టులాలు చూసిన సర్జన్ దాన్ని బయటికి తీసి, అవసరమైతే సీటన్ అనే దారం వేస్తారు. చీము మళ్లీ మూసుకుని గడ్డకట్టకుండా ఆ దారం దారి తెరిచి ఉంచుతుంది. ఆ తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్. నిల్వ ఉన్న చీము తీయకుండా మొదలుపెడితే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకుతుంది. స్టెరాయిడ్ ఫిస్టులాను మాన్పదు, చీము ఉన్నప్పుడు కీడు చేస్తుంది. కాబట్టి మీ మూడు దారుల్లో స్టెరాయిడ్ పక్కకు పోయినట్టే. పౌడర్ పాలు ఒక్కటే చాలవు. పరీక్షలయ్యేలోపు బలానికి తాగించడానికి మాత్రం చాలా మంచివి, మేడంను అడిగి ఈ వారమే మొదలుపెట్టండి.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదటిది వేశాక రెండో వారం, ఆరో వారం, తర్వాత ఎనిమిది వారాలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున మీవాడికి 170, అంటే 100 మిల్లీగ్రాముల వయల్స్ రెండు. తక్కువ బరువున్న పిల్లల ఒంట్లో ఇది తొందరగా అరిగిపోతుంది. అందుకని నాలుగో డోసుకు ముందు రక్తంలో మందు మోతాదు పరీక్ష చేయించమని అడగండి. తక్కువుంటే డోసు పెంచడమో, వారాలు దగ్గర చేయడమో చేస్తారు. మగపిల్లాడు కాబట్టి దీంతో అజథయోప్రిన్ కలపడానికి నేను ఇష్టపడను. తోడు మందు కావాలంటే తక్కువ డోసు మెథోట్రెక్సేట్ ఇస్తారు. అది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం, క్యాలెండర్‌లో ఆ రోజును చుట్టి పెట్టుకోండి.

నొప్పికి పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించొద్దు. అందులో డెక్సా ఉంటే స్టెరాయిడే, చీమును కప్పిపెడుతుంది. టీబీ మందులు మూడు నెలలు వాడిన సంగతి, ఎప్పుడు ఆపిన సంగతి కాగితం మీద రాసి చూపించండి. టీబీ రాకుండా ముందుమందు కావాలా వద్దా అన్నది దాన్ని బట్టి తేలుస్తారు.

కరీంనగర్ నుంచి, తల్లి

అక్కా, డబ్బు మాట కూడా ముందే మాట్లాడుకోండి. ఒక డోసు వేయించి, పైసలు లేక ఆపి, మళ్లీ ఎప్పుడో వేయిస్తే ఒళ్లు ఆ మందును శత్రువులా చూడడం మొదలుపెడుతుందట, రియాక్షన్ వస్తుందట, ఇక అది పనిచేయదట. మొదలుపెట్టే ముందే ఏడాదికి సరిపడా దారి చూసుకోవాలి. మన దేశంలో తయారైన బయోసిమిలర్లు, అంటే అదే మందుకు సరిసమానంగా చేసినవి, ఉన్నాయి, కంపెనీ మందుకంటే తక్కువకు వస్తాయి, అడగండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి పది లక్షలు. కానీ ఈ ఇంజెక్షన్ ఆ హాస్పిటల్‌లో కార్డు మీద వస్తుందా రాదా అన్నది అక్కడి ఆరోగ్యమిత్రనే అడిగి తేల్చుకోవాలి, ఫోన్‌లో ఎవరో చెప్పింది నమ్మొద్దు. నిమ్స్‌లో అయితే సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి ఎల్‌ఓసీ, అంటే ఖర్చు భరిస్తామని ముందే ఇచ్చే లెటర్, కోసం ఎమ్మెల్యే ఆఫీసులో పెట్టుకోవచ్చు. ఎస్టిమేట్ కాగితం, ఆధార్, రేషన్ కార్డు తీసుకుపోండి.

మాతోపాటు వచ్చే ఒక పిల్లాడికి అడాలిముమాబ్. రెండు వారాలకోసారి ఇంట్లోనే పొడుచుకుంటాడు, ప్రతిసారి సికింద్రాబాద్ రైలెక్కే పని లేదు. అది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టొద్దు. తెచ్చుకునేటప్పుడు డబ్బా ఐస్ ప్యాక్‌కు ఆనకుండా మధ్యలో తువ్వాలు చుట్టుకుంటారు.

హన్మకొండ నుంచి, తల్లి

దేవుడిలా చెప్పారు సార్, అక్కా మీకు కూడా చాలా థ్యాంక్స్. ఎంఆర్‌ఐకి టైమ్ తీసుకున్నాం, మా తమ్ముడు కూడా వెంట వస్తున్నాడు. ఒక్కటే మిగిలింది. వాడికి అమ్మవారు పోయలేదు, ఆ టీకా కూడా వేయించినట్టు గుర్తు లేదు. ఇప్పుడు వేయించాలా?

గ్యాస్ట్రో డాక్టర్

చికెన్‌పాక్స్‌ది, ఎంఎంఆర్‌ది బతికున్న వైరస్‌తో చేసే టీకాలు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టాక వేయకూడదు, వేస్తే కనీసం నాలుగు వారాలు ముందు వేయాలి. మీవాడికి ఫిస్టులా ఉంది కాబట్టి టీకా కోసం మందు ఆలస్యం చేయాలా అన్నది మేడం నిర్ణయించాలి. ముందు రక్తంలో యాంటీబాడీలు చూస్తారు, కొందరికి తెలియకుండానే వచ్చిపోయి ఉంటుంది. మీ రెండోవాడికి మాత్రం ఇప్పుడే వేయించండి. హెపటైటిస్ బి, న్యుమోనియా, ఫ్లూ టీకాలు మందు నడుస్తున్నా వేయొచ్చు.

మంచిర్యాల అన్నా, మీ బాబు ఈ ఏడాది ఎత్తు, బరువు, నిరుటివి, చివరిసారి చేయించిన కాల్‌ప్రొటెక్టిన్ ఇక్కడ రాయండి. స్టెరాయిడ్ ఇప్పుడు ఎన్ని మిల్లీగ్రాములు నడుస్తోందో కూడా.