4-8 తర్వాత కూడా బెలిచిక్‌కి ఇంకో సీజన్ ఇవ్వాలా?

టార్‌హీల్_తెలుగు:
2025 అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ అయిపోయింది, 4 గెలిచాం 8 ఓడాం, బౌల్ గేమ్ (ఆరు గెలిచిన టీములకి సీజన్ చివర్లో దొరికే అదనపు మ్యాచ్) కూడా లేదు. నా మాట సూటిగా చెప్తా, యూఎన్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరొలినా) తన కోచ్ బిల్ బెలిచిక్‌ని ఇప్పుడే పంపించెయ్యాలి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆరు సూపర్ బౌల్స్ (ఫైనల్స్) గెలిచిన హెడ్ కోచ్ అని అందరం నెత్తిన పెట్టుకున్నాం, 5 ఏళ్ళ కాంట్రాక్టు, ఏడాదికి 10 మిలియన్ డాలర్లు. సెప్టెంబర్ 1న మొదటి మ్యాచ్‌కి మైకేల్ జోర్డన్ కూడా వచ్చాడు, బాల్ మన చేతికొచ్చిన మొదటిసారే టచ్‌డౌన్ కొట్టేసరికి కీనన్ స్టేడియం దద్దరిల్లిపోయింది, ఆ తర్వాత టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) వరసపెట్టి 41 పాయింట్లు కొట్టింది, మనకి ఒక్కటి రాలేదు, చివరికి 48-14. సరే కొత్త టీమ్ కదా అని సర్దుకుంటే అక్టోబర్‌లో క్లెమ్సన్ మన గ్రౌండ్‌కే వచ్చి ఫస్ట్ క్వార్టర్‌లోనే 28 కొట్టింది. పాత కోచ్ మ్యాక్ బ్రౌన్‌ని తీసేసిన 2024లో కూడా రెగ్యులర్ సీజన్ 6-6 అండి, దానికంటే కిందికి దిగడానికా ఇంత ఖర్చు?

ఫాక్స్‌బరో_పాతకాపు:
తొందరపడుతున్నావ్ తమ్ముడూ. 2000లో ఆయన ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ పేట్రియట్స్‌కి వచ్చిన మొదటి ఏడాది 5-11. అప్పుడే పంపించేసుంటే 2001 సీజన్ సూపర్ బౌల్ ఎక్కడిది? ఇక్కడ కూడా క్లెమ్సన్ మ్యాచ్ తర్వాత డిఫెన్స్ చూడు, కాల్ (కాలిఫోర్నియా)కి 21 పాయింట్లు ఇచ్చాం, వర్జీనియాకి ఓవర్‌టైమ్ కలిపి 17, సిరక్యూస్‌కి 10, స్టాన్‌ఫర్డ్‌కి 15. టీమ్ కుదురుకుంటోంది అనడానికి ఇంతకంటే ఏం కావాలి.

సెక్షన్_పైవరస:
ఆ వర్జీనియా మ్యాచ్‌కి నేను స్టేడియంలోనే ఉన్నా. ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ కొట్టి 17-16కి వచ్చాం, కిక్ కొడితే ఒక పాయింట్‌తో సమానం, ఆయన గెలుపు కోసం బాల్‌ని మళ్ళీ ఎండ్ జోన్‌లోకి చేర్చి రెండు పాయింట్లు తెచ్చే ఆటకి వెళ్ళాడు. మావాడు బాల్ పట్టుకున్నాడు, గోల్ లైన్ ముందు జానెడు దూరంలో పడగొట్టేశారు. అంతకు ముందు వారం కాల్‌తో కూడా ఇంతే, చివరి నిమిషాల్లో రిసీవర్ ఎండ్ జోన్‌లోకి దూకబోతుంటే బాల్ చెయ్యి జారిపోయింది, 21-18కి పోయింది. ఈ రెండూ ఇటు తిరిగుంటే 6-6, బౌల్ గేమ్, అప్పుడు ఈ చర్చే ఉండేది కాదు. ఆయన ధైర్యంగా ఆడించాడు, నేను తప్పు పట్టను.

టార్‌హీల్_తెలుగు:
అన్నా, ఆ నాలుగు మ్యాచ్‌ల తర్వాత సంగతి ఎందుకు వదిలేశారు? వేక్ ఫారెస్ట్ 28, డ్యూక్ 32, ఎన్‌సీ స్టేట్ 42. కుదురుకునే టీమ్ నవంబర్‌లో ఇలా ఉంటుందా, పైగా ఆ మూడూ మన రాష్ట్రం టీములే, డ్యూక్ అయితే మన గ్రౌండ్‌లోనే ఫీల్డ్ గోల్ కిక్ కొడుతున్నట్టు నటించి కిక్కర్ చేత పరిగెత్తించి గెలిచింది. ఇలాంటి ట్రిక్కులు పసిగట్టడంలోనే కదా బెలిచిక్‌కి అంత పేరు!

ఇక 2000 పేట్రియట్స్ పోలిక ఇక్కడ అతకదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కుర్రాడికి కాంట్రాక్టు ఉంటుంది, రెండేళ్ళు నేర్పిస్తే మూడో ఏడాది నీ దగ్గరే ఆడతాడు. కాలేజీలో ఇవాళ నేర్చుకున్నవాడు రేపు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారేవాళ్ళ జాబితాలో) పేరిచ్చి వెళ్ళిపోవచ్చు. ఈ ఏడాది టీమ్‌లో దాదాపు 70 మంది కొత్తవాళ్ళు, వచ్చే ఏడాది మళ్ళీ ఎంతమంది మారతారో. మరి మనం ఓపిక పట్టేది ఎవరి మీద? ఇండియానా చూడండి, 2023లో 3-9, కోచ్ సిగ్నెట్టీ వచ్చాడు, తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి తన కుర్రాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు, 2024లో 11-2. కాలేజీ పని తెలిసినోడు మొదటి ఏడాదే చూపిస్తాడు.

ఫాక్స్‌బరో_పాతకాపు:
అందరూ సిగ్నెట్టీలు కారు. కొలరాడోలో డియాన్ శాండర్స్ కూడా మొదటి ఏడాది 4-8యే, రెండో ఏడాది 9-4.

టార్‌హీల్_తెలుగు:
మూడో ఏడాది 3-9 కూడా చెప్పండి అన్నా, ఆయన కొడుకూ స్టార్ ఆటగాడు ట్రావిస్ హంటరూ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళగానే మళ్ళీ మొదటికొచ్చింది. నెబ్రాస్కాలో కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌దీ ఇదే కథ, 2018లో 4-8, సొంతూరి హీరో అని ఓపిక పట్టారు, 2021లో 3-9, 2022లో సీజన్ మధ్యలో తీసేశారు. ఆ నాలుగేళ్ళు ఎవరు తిరిగిస్తారు?

క్యారీ_లెక్కలు:
ఇద్దరూ డబ్బు సంగతి మర్చిపోతున్నారు. మొదటి మూడేళ్ళ జీతం గ్యారంటీ, ఇప్పుడు తీసేస్తే మిగతా రెండేళ్ళ 20 మిలియన్లు ఊరికే పోసి, పైన కొత్త కోచ్‌కి ఇంకో జీతం. 2025 జులై నుంచి కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి అన్ని ఆటలకీ కలిపి 20.5 మిలియన్ల దాకా. యూఎన్‌సీ ఉన్న చాపెల్ హిల్‌లో బాస్కెట్‌బాల్‌కి ముట్టాల్సింది ముట్టకుండా ఎవరూ ఊరుకోరు, ఇక ఫుట్‌బాల్‌కి మిగిలేది ఎంత? ఆ ఇరవై మిలియన్లు మంచి క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరి ఆట నడిపేవాడు) మీదా ముందు లైన్ మీదా పెట్టుకుంటే మేలు. 12 మ్యాచ్‌ల్లో సగటున 19 పాయింట్లు కొట్టిన టీమ్ మనది, జబ్బు అఫెన్స్‌లో ఉంది. అఫెన్స్ కోచ్ కిచెన్స్‌ని తీసేసి పెట్రినోని తెచ్చారు కదా, ఒక్క ఏడాది చూద్దాం.

టార్‌హీల్_తెలుగు:
డబ్బు లెక్క ఒప్పుకుంటా, కానీ ఉంచితే షరతులతో ఉంచాలి. కుర్రాళ్ళని వెతికి తెచ్చే పని జనరల్ మేనేజర్ లొంబార్డీ చేతిలోంచి తీసి, హైస్కూల్ కోచ్‌లతో తిరిగి పనిచేసినోళ్ళకి ఇవ్వాలి. 32 టీములున్న ఎన్‌ఎఫ్‌ఎల్‌కి మనం 33వ టీమ్ అని చెప్పుకోవడం ఆపెయ్యాలి. వచ్చే సీజన్‌లో కూడా ఆరు గెలుపులు రాకపోతే మూడో ఏడాది జీతం ఇంట్లో కూర్చోబెట్టి ఇచ్చినా సరే, పంపించెయ్యాలి.

సెక్షన్_పైవరస:
ఆరు కాదు, డ్యూక్‌నీ ఎన్‌సీ స్టేట్‌నీ కూడా కొట్టాలి. అది లేకుండా నేను మాత్రం టికెట్లు రెన్యూ చెయ్యను.