అప్‌డేట్: మంచు గొయ్యి తవ్వి చూశాం, ఆ వాలు ఎక్కలేదు
సీజన్ మొదట్లో మంచు పలచగానే ఉంది కదా, ఎండ తగలని వాలు మీద స్కీయింగ్ చేయొచ్చా అని ఇక్కడ అడిగితే, మంచు పలక విరిగి జారిపడే (అవలాంచ్) ప్రమాదం ఉందేమో గొయ్యి తవ్వి చూడమన్నారు. తవ్వాం. పైన గాలి తెచ్చి పోసిన గట్టి పలక, అడుగున నేలకి ఆనుకుని పంచదారలాంటి పలుకులు, పిడికిట్లో ముద్దే కట్టవు. పలచటి మంచు మీద చలి రాత్రులు వరసగా పడితే ఇలాగే అవుతుంది, కింద నేల వెచ్చన, పైన కొరికే చలి, మంచు లోతులో ప్రతి 10 సెంటీమీటర్లకి 1 డిగ్రీ తేడా దాటితే రేణువుల మధ్య పట్టు పోతుంది. 90 సెంటీమీటర్ల దిమ్మె కోసి ఒక చివర పార పెట్టి తడితే పగులు రెండో చివరిదాకా ఒక్కసారే పాకింది, అంటే వాలు మీద పలక మొత్తం విరిగి జారొచ్చు, ఇక చర్చ అనవసరం. 30 డిగ్రీలు దాటిన వాలుల జోలికీ, వాటి కింద దారికీ పోలేదు. చదునులో కూడా కాళ్ల కింద మంచు ధబ్బున కుంగింది, అడుగు పొర కూలుతోందనే గుర్తు, టెన్షనే! పైగా రాళ్లు ఇంకా సరిగా కప్పుకోలేదు, మంచు కొంచెం జారినా మనల్ని వాటి మీదే పడేస్తుంది. కొత్త మంచు పడ్డాక మళ్లీ తవ్వి చెబుతా.