ఓడలో దెబ్బతిన్న కొత్త ఖరీదైన కార్లను చివరికి ఏం చేస్తారు?

ఓడ రవాణా, మెరైన్ బీమా రంగాల్లో పనిచేసినవారు నా సందేహం తీర్చగలరని ఆశిస్తున్నాను. 2022లో అజోర్స్ దీవుల సమీపంలో మంటల్లో చిక్కుకుని మునిగిపోయిన ఫెలిసిటీ ఏస్ ఓడలోని పోర్షె, బెంట్లీ, లంబోర్గిని కార్ల గురించి అడగవలసిందేమీ లేదు. అవి సముద్రం పాలయ్యాయి. నాకు అర్థం కానిది పైకి బాగానే కనిపించే కార్ల సంగతి.

2006లో కూగర్ ఏస్ అనే ఓడ అలాస్కా వైపు సముద్రంలో ఒక పక్కకు ఒరిగిపోయినప్పుడు, అందులోని సుమారు 4,700 మాజ్దా కార్లలో (అవి విలాసవంతమైనవేమీ కావు) చాలావాటికి పెద్దగా దెబ్బ తగలకపోయినా, కంపెనీ ఎయిర్‌బ్యాగులను సైతం పేల్చివేయించి అన్నింటినీ తుక్కు చేయించింది. ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, అమెరికాలో ఒక వైద్యుడు కొన్న బీఎండబ్ల్యూ కారుకు అమ్మకానికి ముందే మళ్లీ రంగు వేశారని తరువాత బయటపడింది. మరమ్మతు ఖర్చు ధరలో 3 శాతం దాటకపోతే కొనుగోలుదారుకు చెప్పనవసరం లేదన్నది అప్పటి కంపెనీ విధానం. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, అక్కడ 1996లో తీర్పు వెలువడింది.

మరమ్మతా, తుక్కా అన్నది తయారీదారు నిర్ణయిస్తారా, బీమా సంస్థా? పరిహారం చెల్లించాక ఆ కారు బీమా సంస్థ సొత్తు అయితే, దాన్ని వేలం వేయకుండా తయారీదారు ఎలా అడ్డుకోగలరు? ముంబయి, చెన్నై రేవుల్లో దిగే కార్లకు ఇలాంటి మరమ్మతు జరిగిందో లేదో, రంగు మందాన్ని కొలిచే మీటరుతో కొనుగోలుదారు నమ్మకంగా తేల్చుకోగలరా?