వారాంతం ఊరెళ్తే మిద్దె తోటకు నీళ్ళెవరు పోయాలి: టైమరా, ఎదురింటివాళ్ళా?

మునక్కాడ:
హైదరాబాద్, మే నెల, రెండంతస్తుల ఇంటి మిద్దె. 15 అంగుళాల గ్రో బ్యాగులు 24, 12 అంగుళాలవి 16. పెద్దవాటిలో టమాటా, వంగ, బెండ, బీర. చిన్నవాటిలో మిర్చి, ఆకుకూరలు. గురువారం రాత్రి అరకు బయల్దేరితే సోమవారం పొద్దున్నే తిరిగి రాక. అంటే శుక్ర, శని, ఆదివారాలు మూడు పగళ్ళు మిద్దె మీద మనిషి ఉండడు. డ్రిప్ వేసి టైమర్ పెట్టాలని ఇంట్లో ఒక పక్షం, ఎదురింటికి తాళం ఇస్తే పోతుందని ఇంకో పక్షం. ట్యాంకు మాకూ కింద అద్దెవాళ్ళకూ కలిపి ఒకటే. తెలిసినవాళ్ళు తేల్చండి.

డ్రిప్పుదాసు:
ఇందులో తేల్చడానికేముందండి, డ్రిప్పే. కుళాయికి ఫిల్టరు, ఫిల్టరు తర్వాత టైమరు, అక్కణ్ణుంచి 16 మిల్లీమీటర్ల నల్ల పైపు. ప్రతి బ్యాగు దగ్గర పైపుకు చిల్లు కొట్టి సన్న గొట్టం, దాని కొసన నీళ్ళు చుక్కచుక్కగా వదిలే డ్రిప్పరు. పెద్ద బ్యాగుకు గంటకు 4 లీటర్లది, చిన్నదానికి 2 లీటర్లది. పైపును కొసన మూసెయ్యకుండా చుట్టూ తిప్పి మొదటికే తెచ్చి కలపండి. ఆఖరి బ్యాగుకు నీళ్ళు తగ్గే బాధ చాలావరకు పోతుంది. చాలామంది ఫిల్టరును టైమరు తర్వాత బిగిస్తారు. అది తప్పు. ఇసుక రేణువు వాల్వులో ఇరుక్కుంటే టైమరు మూసుకోదు.

తెల్లవారుజామున అయిదున్నరకు పెట్టండి. మధ్యాహ్నం రెండింటికి పెడితే ఎండకు కాగిన నల్ల పైపులోంచి ముందొచ్చేవి వేడినీళ్ళు, వేళ్ళ మీదే పడతాయి.

ఎదురిల్లు:
దాసుగారూ, మొక్కకు కావలసింది నీళ్ళొక్కటే అయితే మీ మాట ఒప్పుకుందును. గాలికి బీర పందిరి ఒరిగినా, వంగ మీద పిండినల్లి కమ్మినా, సన్న గొట్టం ఊడిపోయి నీళ్ళన్నీ ఒక్క బ్యాగులోకే పోతున్నా టైమరుకు తెలియదు. ఏడాదిలో పది వారాంతాలు ఊరెళ్ళేవాళ్ళకు ఎదురింటివాళ్ళతో వంతు పెట్టుకోవడం మేలు: మేం వెళ్తే మీరు, మీరు వెళ్తే మేము. ఆ మూడు రోజులూ తోటలో ఏం కాస్తే అది పోసినవాళ్ళదే. పైసా ఖర్చులేదు.

ట్యాంకు కింద కాకి:
దాసుగారి జాబితాలో ఒత్తిడి సంగతి మర్చిపోయారు. మిద్దె తోటల్లో డ్రిప్ చెడేది అక్కడే. నీటిమట్టం మీటరు ఎత్తుంటే వచ్చే ఒత్తిడి 0.1 బార్. మిద్దె మీది ట్యాంకు డ్రిప్పరు కంటే మీటరో, మీటరున్నరో ఎత్తు, అంతే. డ్రిప్పరు మీద రాసిన 4 లీటర్లు 1 బార్ దగ్గరి లెక్క. మామూలు డ్రిప్పరులో ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి 0.1 బార్ దగ్గర వచ్చేది గంటకు లీటరుంబావు. గంట తిరిగింది, నాలుగు లీటర్లు పడ్డాయి అనుకుంటే మొక్కకు అందేది మూడోవంతు.

పోతే, ఒత్తిడి ఎంతున్నా ఒకే ధార ఇస్తాయని అమ్మే ఖరీదైన డ్రిప్పర్లు ఇంత తక్కువ ఒత్తిడికి సరిగ్గా పనిచెయ్యవు. వాటి జోలికి పోకండి.

టైమర్లు రెండు రకాలు. లోపల రబ్బరు పొర ఉండే సోలెనాయిడ్ రకానికి తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ నీటి ఒత్తిడే ఆసరా. ట్యాంకు నీళ్ళ మీద అది సగం తెరుచుకుంటుంది, లేదా మూసుకోకుండా కారుతూనే ఉంటుంది. చిన్న మోటారు బంతి వాల్వును తిప్పే రకమైతే ఒత్తిడి సున్నా ఉన్నా పనిచేస్తుంది. కొనేటప్పుడు 'సున్నా బార్ నుంచి' అని రాసుందో లేదో చూడండి. అందులోనూ ఒక గండం ఉంది: వాల్వు తెరిచి ఉండగా బ్యాటరీ అయిపోతే తెరిచే ఉండిపోతుంది. పొద్దున్నే అద్దెవాళ్ళ కుళాయిలో గాలి వస్తుంది.

సైదులు_నల్లగొండ:
జర ఆగుండ్రి. గింతదానికి గన్ని సామాన్లా? శుక్రారం మాపటికి పోయి ఐతారం రాత్రి వచ్చేటోళ్ళకైతే ఏమొద్దు. పొయ్యే ముందర రెండు తాపలు నీళ్ళు పట్టాలె. ఒకసారి పట్టి, అరగంట ఆగి మళ్ళ పట్టాలె. మొదటి తాప పైమట్టి నానుతది, రెండో తాప కిందికి దిగుతది. మీద రెండు మూడంగుళాలు ఎండాకు గాని, వరిగడ్డి గాని, పల్లికాయ పొట్టు గాని పరవాలె. చిన్న సంచులన్ని ఒక్కకాడికి జరిపి, పడమటి ఎండ తగలని గోడ పక్కకు పెట్టాలె. పైన సగం ఎండను ఆపే 50 శాతం గ్రీన్ నెట్. రెండు దినాలు ఆరాంగ ఆగుతయి.

గని ఈయన పోతున్నది మూడు దినాలు, అదిగూడ మే నెల. ఆకుకూరలు నిలువయి.

ముంతమామ్మ:
కుండ మాట ఎవరూ ఎత్తరేం? రంగు పూయని ముంత, మెడ ఒక్క అంగుళం పైకి కనబడేట్టు మట్టిలో పాతి, నీళ్ళు నింపి మూత పెట్టండి. చుట్టూ మట్టి ఎండితే కుండ గోడలోంచి నీరు లాక్కుంటుంది, తడిగా ఉంటే లాక్కోదు. టైమరూ వద్దు, తాళాలూ వద్దు. పాతే ముందు ఓ పూట నీళ్ళలో నానబెట్టండి. కుండకూ మట్టికీ మధ్య ఖాళీ ఉంటే నీరు దిగదు, చుట్టూ వేళ్ళతో గట్టిగా అదమండి.

ట్యాంకు కింద కాకి:
మామ్మగారూ, నేలమీది పెరట్లో కుండ బంగారమే. ఇక్కడ లెక్క కుదరదండి. 15 అంగుళాల బ్యాగులో మట్టి సుమారు 30 లీటర్లు. కాపు మీదున్న టమాటా మే ఎండకు రోజుకు రెండు నుంచి మూడు లీటర్లు తాగేస్తుంది. రెండు లీటర్ల ముంత ఒక్క రోజుకే సరి. మూడు రోజులకు సరిపడే కుండ పాతితే మట్టిలో నాలుగోవంతు అదే ఆక్రమిస్తుంది. పైగా బోరు నీళ్ళయితే ఒకటి రెండు ఎండాకాలాలకే కుండకు తెల్లగా ఉప్పు పేరి రంధ్రాలు పూడిపోతాయి.

ముంతమామ్మ:
పూడితే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా ఉంచి, పీచుతో తోమితే వస్తుంది. డ్రిప్పర్లకూ అదే మందు కదా నాయనా! అయినా నలభై బ్యాగులకూ పాతమని నేననలేదు. బీర, సొర వేసే పెద్ద టబ్బులకు పనికొస్తుంది.

కొత్తిమీర కట్ట:
తలకిందుల సీసాల సంగతి నేను చెప్తాను, ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. మూతకు చిల్లు పెట్టి గుచ్చిన సీసా మట్టి వదులుగా ఉంటే రెండు గంటల్లో ఖాళీ. మట్టి చిల్లులో ఇరుక్కుంటే మూడు రోజులైనా నిండుగానే. మందుల షాపులో దొరికే కొత్త సెలైన్ సెట్టు దానికంటే నయం. 20 చుక్కలు 1 మిల్లీలీటరు. రోజంతా ఒక లీటరు పడాలంటే నిమిషానికి 14 చుక్కలు. కానీ సీసాలో మట్టం తగ్గేకొద్దీ చుక్కలూ తగ్గుతాయి. నాలుగు కుండీలకు సరే, నలభైకి కాదు.

మునక్కాడ:
ట్యాంకు ఖాళీ అవుతుందన్న మాటతో ఇంట్లో టైమర్ పక్షం చల్లబడింది. ఎదురింట్లో ఉన్నది పెద్దాయన ఒక్కరే. మోకాళ్ళ నొప్పులు, రెండంతస్తులు బకెట్టు మోయలేరు.

డ్రిప్పుదాసు:
కాకిగారి మాట నిజమే, ఒత్తిడి లెక్క నేను చెప్పాల్సింది. అయితే దానికీ దారుంది: ట్యాంకును ముట్టుకోకండి. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, రెండడుగుల ఇనుప స్టాండు, అడుగున కుళాయి. ముందే నింపి ఉంచండి. ఎంత పెద్ద పొరపాటు జరిగినా పోయేది ఆ డ్రమ్ము నీళ్ళే. నిండితే రెండువందల కిలోలు దాటుతుంది కాబట్టి శ్లాబు నడిమధ్యన పెట్టొద్దు, దూలం మీదుగా పిట్టగోడ పక్కన పెట్టండి.

లెక్క ఇదీ. గురువారం రాత్రి సైదులన్న చెప్పినట్టు రెండు తాపలు పట్టండి. ఆ తడీ, పైన నెట్టూ, ఆకుల పరుపూ శుక్రవారాన్ని లాగేస్తాయి. టైమరు తిరగాల్సింది శని, ఆదివారాలే. పెద్ద బ్యాగుకు రెండున్నర లీటర్లు, చిన్నదానికి లీటరుంబావు అనుకుంటే రోజుకు 80 లీటర్లు, రెండు రోజులకు 160. డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు 4 లీటర్ల డ్రిప్పరు గంటకు 1.3 లీటర్లు ఇస్తుంది, అడుగంటేసరికి అందులో సగం. అందుకని రోజుకు రెండుంబావు గంటలు పెట్టండి. శనివారం కాస్త ఎక్కువ, ఆదివారం కాస్త తక్కువ పడతాయి. దాంతో మొక్కకొచ్చే నష్టం లేదు.

వెళ్ళే ముందు వారమే బిగించి చూసుకోండి. మొదటి డ్రిప్పరు కిందా ఆఖరి దాని కిందా చెరో సీసా పెట్టి పావుగంట వదలండి. రెంటికీ తేడా అయిదో వంతు దాటితే ఎక్కడో గొట్టం మడత పడింది, లేదా గాలి బుడగ నిలిచింది. బయల్దేరే రోజు బిగించిన డ్రిప్పు మీద భరోసా పెట్టుకోవద్దు.

ఎదురిల్లు:
సరే, డ్రమ్ము ఒప్పుకున్నాను. బకెట్టు మొయ్యలేని పెద్దాయన పైకి వచ్చి చూడలేరా? రోజుకొక్కసారి, సాయంత్రం గాలి పోసుకోవడానికి వచ్చినట్టు. ఆయనకు ఇవ్వాల్సిన చీటీలో మూడే మాటలు ఉండాలి: డ్రమ్ము మట్టం ఎక్కడుండాలి (లోపల కొలిచి, బయట శనివారం ఒక గీత, ఆదివారం ఒక గీత గీసిపెట్టండి), టైమరు ఎలా ఆపాలి, ఏం కోసుకోవాలి.

మనిషి చేత పోయించేవాళ్ళకు వేరే చీటీ. ఎర్ర రిబ్బను కట్టిన బ్యాగుకు రోజూ, పసుపుదానికి రోజు విడిచి రోజు, రిబ్బను లేనిదాన్ని ముట్టుకోవద్దు. ఎంత పొయ్యాలో మగ్గుల్లో చెప్పకండి, ఒక్కో ఇంట్లో మగ్గు ఒక్కో సైజు. లీటరు సీసా చేతికివ్వండి. పొరుగువాళ్ళు మొక్కల్ని ఎండబెట్టరు, ప్రేమ ఎక్కువై ముంచేస్తారు. కలబంద, అడీనియం లాంటివాటిని ముందే కిందికి దించి దాచెయ్యడం మంచిది.

కొత్తిమీర కట్ట:
కోత మాట వచ్చింది కాబట్టి ఒకటి. బెండకాయ ఎండాకాలంలో రెండు రోజులకే ముదురుతుంది. ముదిరిన కాయ చెట్టు మీదుంటే కొత్త పూత తగ్గిపోతుంది. వెళ్ళే రోజు వేలెడు కాయల దాకా కోసెయ్యండి, బీర కూడా అంతే. తోటకూర, పాలకూర మొదలు దగ్గర రెండంగుళాలు వదిలి కత్తిరిస్తే ఆకు తక్కువై నీళ్ళ ఖర్చూ తగ్గుతుంది. వెళ్ళే వారం యూరియా, వేపపిండి, జీవామృతం ఏమీ వెయ్యకండి. లేత చిగుళ్ళు లేచి ఎండకు ముందుగా వాడేది అవే, పురుగు వాలేదీ వాటి మీదే.

సైదులు_నల్లగొండ:
లేత బెండకాయలు అన్ని కోసుకపోతే పెద్దాయనకు ఏం మిగులుతయక్కా? ఆయన వంతుకు రెండు చెట్లన్న ఇడువుండ్రి.

ముంతమామ్మ:
గోంగూర వదలండి. ఎండకు అదే గట్టిది, ఎంత కోసినా మళ్ళీ చిగురేస్తుంది.

మునక్కాడ:
డ్రమ్ము రేపు వస్తోంది. ఒక్క సందేహం: తిరిగొచ్చేసరికి వాడిపోయి కనబడితే వెంటనే బాగా నీళ్ళు పట్టేయొచ్చా?

ట్యాంకు కింద కాకి:
ముందు ఏ వేళకు చూస్తున్నారో గమనించండి. మూడింటికి టమాటా, బీర ఆకులు వాలి ఏడింటికి లేస్తే అది ఎండ పని, నీటి కరువు కాదు. పొద్దున ఆరింటికీ వాలే ఉంటే అప్పుడు వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి. లోపల తడిగా ఉండి మొక్క వాడిందంటే అడుగున చిల్లులు మూసుకుపోయి వేళ్ళు కుళ్ళాయి, ఇంకా నీళ్ళు పోస్తే చస్తుంది. పొడిగా ఉంటే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువున్న బ్యాగుల్లో జాగ్రత్త. కోకోపీట్ పూర్తిగా ఎండితే నీటిని పట్టదు. పోసింది పక్కల వెంట జారి అడుగున కారుతుంది, నడిమధ్య పొడిగానే ఉంటుంది. కింద తడి చూసి సరిపోయిందనుకోవద్దు. చిన్న బ్యాగుల్ని టబ్బు నీళ్ళలో అరగంట కూర్చోబెట్టండి. పెద్దవాటికి అరలీటరు చొప్పున పది నిమిషాలకోసారి నాలుగైదు సార్లు పొయ్యండి. కుండీల కింద పళ్ళేల్లో నిలిచిన నీళ్ళు అదే రోజు పారబొయ్యండి, దోమలకు వారం పది రోజులు చాలు.