జాంబియా సాయం లెక్కలోంచి అప్పు మాఫీని ఎలా విడదీయాలి?

మాది పర్లాకిమిడి. ఇక్కడి తెలుగు డిగ్రీ పిల్లలకు వచ్చే శనివారం జాంబియా అప్పుల గురించి చెప్పాలి. రెండు వారాలుగా ఒక్క లెక్క దగ్గరే ఆగిపోయాను, టెన్షన్‌గా ఉంది.

జాంబియా 2005 ఏప్రిల్‌లో, అప్పుల్లో కూరుకుపోయిన పేద దేశాలకు భారం తగ్గించే హిపిక్ పథకం చివరి మెట్టు చేరింది. 2006లో ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు పాత బాకీలు కొట్టేశాయి. అయినా 2020 నవంబరులో 4.25 కోట్ల డాలర్ల బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. మధ్యలో ఆ దేశం చేతికి నిజంగా వచ్చిన సాయం ఎంతో చూపించాలని నా కోరిక.

చిక్కేమిటంటే, ధనిక దేశాలు మాఫీ చేసిన అప్పును కూడా వాటి కూటమి ఓఈసీడీ సాయం కిందే చూపిస్తుంది. మా వైపు రైతుకు బ్యాంకు అప్పు మాఫీ అయితే భారం తగ్గుతుంది, కానీ ఆ రోజు చేతికి రూపాయి రాదు కదా. ఈ తేడా పిల్లలకు తెలియాలి.

మొదట ప్రపంచ బ్యాంకు సైట్‌లో 2000 నుంచి 2010 వరకు నెట్ ఓడీఏ (అధికారిక అభివృద్ధి సాయంలోంచి తిరిగి కట్టిన అసలు తీసేయగా మిగిలేది) దించుకున్నాను. అందులో అంతా ఒకే మొత్తం. తర్వాత ఓఈసీడీ పట్టికలోని అప్పు ఉపశమనం వరుసను దాంట్లోంచి తీసేశాను. కానీ మాఫీ అయిన పాత సాయపు రుణం అసలు, తిరిగి కట్టినట్టుగా నెట్ అంకెలో ముందే తగ్గిపోయి ఉంటుంది. అంటే నేను రెండుసార్లు తీసేస్తున్నాను. తిరిగి కట్టింది తీసేయని గ్రాస్ అంకె వాడితే జాంబియా నిజంగా కట్టిన వాయిదాలు కనబడవు.

2005, 2006 సంవత్సరాలకు జాంబియాకు చేరిన సాయం మాత్రమే మిగలాలంటే ఓఈసీడీ పట్టికలో ఏ వరుసలోంచి ఏ వరుస తీసేయాలి?